కళ్ళు ఆర్పండి, అసిరినాయుడు గారూ

నేను ఒక సెల్‌ఫోన్‌ని. నా ముఖం మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక పగులు ఉంది. అదెలా వచ్చిందని ఎవరైనా అడిగితే మా అసిరినాయుడు "పులి గోకిందిరా" అనేవాడు. నిజానికి నేను పెందుర్తి దారిలో ఒక స్పీడు బ్రేకరు దగ్గర ఎగిరి పడ్డాను. ఆ స్పీడు బ్రేకరు పులి కన్నా ఎత్తుగా ఉంటుంది కాబట్టి అతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఏ దేశంలో పుట్టానో గుర్తు లేదు. పుట్టగానే కళ్ళకి ప్లాస్టిక్ అంటించి డబ్బాలో పడుకోబెట్టారు. కళ్ళు తెరిచేసరికి విశాఖపట్నంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నాలోకి చూసి మూతి సున్నాలా చుడుతోంది. ఉన్నన్నాళ్ళూ అదే మూతి. ఆ అమ్మాయికి ఇంకో మూతి ఉందో లేదో నాకు తెలియకుండానే నన్ను అనకాపల్లిలో వాళ్ళ తాతగారికి ఇచ్చేసింది. ఆయన నన్ను తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. నేను మోగినప్పుడల్లా తాళంచెవి కోసం ఇల్లంతా వెతికేవారు. అది దొరికేలోపు అవతలివాళ్ళకి పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టేవారు. చివరికి ఆయన విసిగి డాబాగార్డెన్స్‌లో పాత ఫోన్ల కొట్టుకి నన్ను ఇచ్చేశారు.

అక్కడ అసిరినాయుడు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కెమెరా చూడలేదు, పాట పెట్టి వినలేదు. "వానలో తడిస్తే బతుకుద్దా?" అని మాత్రం అడిగాడు. "సముద్రంలో ముంచినా బతుకుద్ది" అన్నాడు కొట్టువాడు. నేను వణికాను. వణకడం మా ఫోన్లకి మామూలే కదా, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి నా నివాసం బండి హ్యాండిల్ మీద. పైన కూరగాయల కవరు గొడుగు. అసిరినాయుడు తిండి పొట్లాలు ఇళ్ళకి చేర్చే రైడరు. నాలో ఒక యాప్ ఉండేది, ఆ యాప్‌లో ఒక ఆడగొంతు. "అసిరినాయుడు గారూ, కొత్త ఆర్డరు వచ్చింది!" అని ఆ గొంతు తేనె పూసినట్టు పిలిచేది. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళినా అతను దాన్ని పళ్ళెంలో వదిలేసి లేచేవాడు. అతని భార్య హైమావతి ఆ గొంతుని సవతి అనేది. "ఎల్లు, ఎల్లు, పిలస్తంది" అని అతని హెల్మెట్ తనే అందించేది.

దీపావళి సీజను మొదలైందంటే ఈ ఊరు రాత్రిపూట వంట మానేస్తుంది. పగలంతా బజార్లో తిరిగినవాళ్ళకి అర్ధరాత్రి ఆకలేస్తుంది. వీళ్ళు నిద్రలో కూడా బిరియానీ ఆర్డరు పెడతారని నా అనుమానం, ఎందుకంటే కొందరు తలుపు తీసినప్పుడు కళ్ళు మూసుకునే ఉంటారు. రైడర్లకి ఆ రోజుల్లో తెల్లవారడమనేది ఉండదు.

అలాంటి ఒక వాన రాత్రి అసిరినాయుడు పని ముగించి, యాప్ కట్టేసి, ఇంటికి బయల్దేరాడు. కంచరపాలెం మలుపులో తడిసిన టపాకాయల కాగితాల మీద బండి జారింది. నేను గాల్లోంచి చూశాను. అతని హెల్మెట్ ఒక వైపు, అతను ఒక వైపు. కూరగాయల కవరు పుణ్యమా అని నాకు గీత కూడా పడలేదు. అతను మాత్రం కళ్ళు తెరవలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీ రైడర్లకి ఆస్పత్రి కార్డు ఇస్తుంది. యాప్ కట్టేశాక పడ్డాడు కాబట్టి డ్యూటీలో జరిగిన ప్రమాదం కింద అది రాదు. మామూలు జబ్బుల కిందైతే కార్డు పనిచేస్తుంది, కానీ రైడరు ఐడి బతికి ఉండాలి. సీజనులో కొన్నాళ్ళు ఆర్డర్లు తీసుకోకపోతే ఐడి చచ్చిపోయినట్టే, దాంతోపాటే కార్డూ. మనిషి బతికున్నాడా లేదా అనే గడి ఆ యాప్‌లో ఎక్కడా లేదు, నేను బాగా వెతికాను.

అతని స్నేహితులు కొండబాబు, ఇలియాస్ ఐసీయూ బయట కుర్చీల దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరూ రైడర్లే. హైమ నన్ను వాళ్ళ ముందు పెట్టింది.

"కార్డు పోతే ఈ మంచం ఖాళీ సెయ్యమంటారు తమ్ముడూ. ఇంటికి తీసుకెల్తే దక్కడని డాక్టరు సెప్పీసినాడు."

కొండబాబు నన్ను జేబులో వేసుకున్నాడు. "మా డ్యూటీ అయిపోయాక సెరో సగం రేత్రి అన్న ఐడీ మీద తిప్పుతాం వదినా. అన్న పడుకున్నాడని కంపెనీవోడికెలా తెలస్తాది?"

"ఫొటో సూసి కస్టమరు అడిగితే?" అన్నాడు ఇలియాస్.

"హెల్మెట్ తియ్యకురా. హెల్మెట్‌లో అందరం ఒకే అమ్మ బిడ్డలం."

అలా కదలలేని మనిషి ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు.

దీనిలో అసలు భయమేసే సంగతి హైమకి ఎదురైంది, తర్వాత ఆమె చెప్పగా విన్నాను. తన భర్త ఎక్కడున్నాడో చూపించే మ్యాపు ఆమె ఫోనులో ఎప్పటినుంచో ఉంది. ఇల్లు దగ్గరపడితే అన్నం వేడి చేయడానికి. ఇప్పుడు గాజు తలుపు వెనకాల అతను పడుకుని ఉన్నాడు, ఆమె ఒళ్ళో నీలం చుక్క సీతమ్మధారలో మలుపు తిరుగుతోంది. పెదవాల్తేరు వెళ్తోంది. బీచి రోడ్డు మీద కాసేపు ఆగుతోంది. ఆమె ఒకసారి గాజులోంచి అతన్ని చూసేది, ఒకసారి చుక్కని చూసేది. అది నేనే అని ఆమెకి తెలుసు. తెలిసినా చుక్క ఆగినప్పుడల్లా ఊపిరి బిగపట్టేది. ఒక రాత్రి ఆ చుక్క తిన్నగా ఆస్పత్రి వైపు వచ్చింది. గేటు దాటింది. లోపలికి వచ్చి, సరిగ్గా ఆమె కూర్చున్న చోటే ఆగింది. ఆమె లేచి నిలబడింది. లిఫ్టు మోగింది. తలుపు తెరుచుకుంది. తడిసిన కోటు, హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి.

"మూడో వార్డుకి ఇడ్లీ ఎవులిదండీ?" అన్నాడు ఇలియాస్.

హైమ అతన్ని చెడామడా తిట్టి, తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఇడ్లీ చల్లారిపోయింది.

పెదవాల్తేరులో ఒక పాత అపార్టుమెంటు ఉంది. ఇలియాస్ అక్కడికి వెళ్ళిన రాత్రి కరెంటు లేదు. నన్నే దీపంగా పట్టుకుని పై అంతస్తు దాకా ఎక్కాడు. ఒక ముసలావిడ తలుపు తీసి, తన ఫోనులో రైడరు ఫొటో చూసి, ఇలియాస్‌ని చూసి, మళ్ళీ ఫొటో చూసింది.

"నువ్వు కాదు కదా బాబూ."

"నేనేనండీ అమ్మమ్మ గారూ. హెల్మెట్ వల్ల అలా ఉంది."

"కాదులే. ఫొటోలో అబ్బాయి నీ వెనకాల నిలబడ్డాడు. ఆయన చేతికివ్వు పొట్లం, ఆయన ఇస్తాడు."

ఇలియాస్ ఆ మెట్లు దిగిన వేగానికి కింద ఉన్న కుక్కలు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చాయి. కింద నిలబడ్డాక గుర్తొచ్చింది, పొట్లం ఇంకా తన చేతిలోనే ఉందని. ఇవ్వకపోతే ఫిర్యాదు, ఫిర్యాదు వస్తే ఐడి ఆగిపోతుంది. దెయ్యం ఏం చేస్తుందో అతనికి ఖాయంగా తెలియదు, ఫిర్యాదు ఏం చేస్తుందో తెలుసు. మళ్ళీ ఎక్కాడు. కళ్ళు మూసుకుని పొట్లం చాచాడు. ఆవిడ అందుకుని, "నాకు కళ్ళల్లో శుక్లాలు నాయనా, ఒక్కోసారి ఒకరు ఇద్దరిలా కనిపిస్తారు" అంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇలియాస్ ఆయుష్షు కొంత మిగిలేది. నా వెనక కెమెరా ఆ సమయంలో గోడ వైపు ఉంది. ఆవిడ గుమ్మంలో పెట్టిన కొవ్వొత్తి వెలుగుకి అక్కడ ఇలియాస్ నీడ పడింది. కొంచెం వెడల్పుగా పడిందని మాత్రం చెప్పగలను.

ఇంతవరకూ బాగానే నడిచింది. వాళ్ళు చేసిన తప్పు ప్రేమ వల్ల జరిగింది. ఐడి బతకడానికి రాత్రికి కాసిన్ని ఆర్డర్లు చాలు. కానీ కొండబాబుకి అనుమానం, ఇలియాస్ ఆర్డర్లు ఎగ్గొడుతున్నాడేమోనని. ఇలియాస్‌కి అదే అనుమానం కొండబాబు మీద. అన్న కార్డు పోకూడదని ఒకరికి తెలియకుండా ఒకరు రెండింతలు తిప్పారు. ఎర్రదీపాలు చూడలేదు, తిండి తినలేదు. ఫలితంగా, ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్న అసిరినాయుడు విశాఖపట్నం మొత్తానికి అత్యంత చురుకైన రైడరు అయ్యాడు.

కంపెనీవాళ్ళు పొంగిపోయారు. రైడర్లు వచ్చిపోయే ఆఫీసు గోడకి అతని పెద్ద ఫొటో తగిలించారు. సూపర్‌వైజరు ఇంకా ముచ్చటపడి దానికి బంతిపూల దండ వేసి, కింద ఒక చిన్న సీరియల్ బల్బుల వరస పెట్టాడు. కొండబాబు తెల్లారగట్ల అక్కడికి వెళ్ళి ఆ దండ చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అన్న ఎప్పుడు పోనాడు? నాకెవుడూ సెప్పనేదేటి?"

"పోవడమేంటయ్యా! ఈ సీజనుకి స్టార్ రైడరు" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ రాత్రి నేను కొండబాబు బండి మీద ఉన్నాను. వాన. అక్కయ్యపాలెం దాటుతుంటే ఆడగొంతు పిలిచింది. కానీ ఈసారి ఆర్డరు కోసం కాదు. "అభినందనలు అసిరినాయుడు గారూ! స్టార్ రైడరుగా మీ ముఖాన్ని నిర్ధారించుకోవాలి. దయచేసి కెమెరాలోకి చూసి కళ్ళు ఆర్పండి. లేకపోతే మీ ఐడి నిలిపివేయబడుతుంది." నా ముఖం మీద ఒక గుండ్రటి వలయం, దాని చుట్టూ గడువుతో పాటే కరిగిపోతున్న ఎర్ర గీత.

కొండబాబు బండిని తిప్పాడు. అది బండి నడపడం కాదు, విసరడం. ఆస్పత్రి మెట్ల మీద బండిని స్టాండు కూడా వేయకుండా వదిలేశాడు.

ఐసీయూలోకి ఫోన్లు రానివ్వరు. హైమ నన్ను కొంగులో దాచి తీసుకెళ్ళింది. రాత్రి డ్యూటీ నర్సు నన్ను చూసింది, హైమ ముఖం చూసింది. "ఒక్క నిమిషం. డాక్టరొస్తే నేను బాత్రూంలో ఉన్నాను" అని వెళ్ళిపోయింది.

హైమ నన్ను అతని ముఖం మీదికి వంచింది. వలయంలో అతని ముఖం పట్టింది. గడ్డం పెరిగిపోయింది. నా వెలుగులో అది ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉంది.

"కళ్ళు ఆర్పండి" అంది గొంతు.

"మావా. ఒక్కసారి. మావా" అంది హైమ. ఏమీ లేదు. ఆమె బొటనవేలితో అతని కనురెప్ప ఎత్తింది. తెల్లగుడ్డు నన్ను చూసింది, చూడలేదు. వదిలేసింది. మళ్ళీ ఎత్తింది.

"ముఖానికి ఏదో అడ్డుగా ఉంది. దయచేసి చేతులు తీయండి. ఇది చివరి ప్రయత్నం."

ఎర్ర గీత చివరికి వచ్చేసింది. హైమ నన్ను అతని గుండెల మీద మడిచిన దుప్పటికి ఆనించి, వెనక్కి తిరిగి గోడకి తల పెట్టుకుంది. కొండబాబు తలుపు దగ్గర, డాక్టరు వస్తాడేమోనని అటు చూస్తున్నాడు. ఆ గదిలో అతన్ని చూస్తున్నది నేను ఒక్కదాన్నే.

"కళ్ళు ఆర్పండి, అసిరినాయుడు గారూ."

అతను కళ్ళు తెరిచాడు.

నెమ్మదిగా కాదు. పిలిస్తే లేచినవాడిలా తెరిచాడు. తిన్నగా నాలోకి చూశాడు. ఆర్పాడు. మళ్ళీ మూసేశాడు.

"ధన్యవాదాలు. మీ ముఖం నిర్ధారణ అయింది."

ఇద్దరూ ఒక్కసారిగా తిరిగారు. అసిరినాయుడు ముందులాగే పడుకుని ఉన్నాడు.

"ఎవుడు ఆర్పాడ్రా?" అంది హైమ.

"నాను కాదొదినా! నాను తలుపు కాడ ఉన్నాను." కొండబాబు దండం పెట్టేశాడు. "ఇది ఎవుల్ని సూసిందో ఏటో. మనం ఎల్లిపోదాం."

చెప్పడానికి నాకు గొంతు లేదు. నాలో ఉన్న గొంతు నాది కాదు. అది అప్పుడే "కొత్త ఆర్డరు వచ్చింది!" అని మోగడం మొదలుపెట్టింది. కొండబాబు అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. హైమ అతని మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు. మోగనీ."

"తీసుకోకపోతే స్టారు పోద్ది వదినా, ఐడి..."

"ఎల్లనీ. ఆర్పిందెవులో నాకు కావాల. నువ్వు మీ అన్న ముఖం సూడు."

నేను మోగాను. మోగుతుంటే అతని కుడిచెయ్యి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి, హ్యాండిల్ కోసం వెతుకుతున్నట్టు. ఆర్డరు జారిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ జారిపోయింది. మూడోదానికి కళ్ళు తెరుచుకున్నాయి. ఈసారి ముగ్గురం చూశాం.

హైమ అతని మీద పడి ఏడుస్తూనే తిట్టింది. "ఇన్నాళ్ళూ నేను పిలస్తే ఉలకలేదు, పలకలేదు. అది పిలిస్తే లేస్తావేటి మావా?" బాత్రూంలో ఉండాల్సిన నర్సు పరిగెత్తుకొచ్చింది. కొండబాబు నన్ను ఆర్పేశాడు. అందువల్ల ఆ తర్వాత జరిగింది నాకు తెలియదు.

అతను ఇల్లు చేరేదాకా కార్డు పనిచేసింది. వేసవిలో ఒక సాయంత్రం అతను నన్ను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. గుండు మీద కుట్ల గుర్తు, ముఖంలో ఒక పక్క కొంచెం జారింది. మళ్ళీ పనిలోకి వెళ్ళగలడో లేదో చూడాలని యాప్ తెరిచాడు. వలయం వచ్చింది. కళ్ళు ఆర్పాడు. చక్కగా, నిండుగా ఆర్పాడు.

"క్షమించండి. ఈ ముఖం అసిరినాయుడు గారితో సరిపోలడం లేదు."

మళ్ళీ ఆర్పాడు. సరిపోలలేదు. ఇలియాస్, కొండబాబు గడపలో కూర్చున్నారు. కొండబాబు లేచి, "నాన్సెన్సు! ఇప్పుడే పోయి సూపర్‌వైజరుతో దెబ్బలాడతాను" అన్నాడు.

అసిరినాయుడు నన్ను బోర్లా పెట్టాడు. నాకు బల్ల చెక్క తప్ప ఏమీ కనిపించలేదు. అతని గొంతు మాత్రం వినిపించింది, సగం నవ్వుతో.

"ఒద్దురా. ఆ ఫొటోలోవోడు ఇంకా తిరుగుతన్నాడేమో. పెదవాల్తేరు మెట్లెక్కుతుంటాడు. తిరగనీ."

ఇలియాస్ నవ్వు మాత్రం వినిపించలేదు. అతను లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.