ఊపకూడని ఉయ్యాల

మిట్టమధ్యాహ్నం సముద్రపొడ్డున ఉన్న ఈ జువ్వలదిన్నెలో ఇల్లిల్లూ తిరగమన్న మహానుభావుడెవరో గానీ, ఆయన్ని ఒక్కరోజు నా స్కూటీ వెనక కూర్చోబెట్టి తిప్పాలి. కాన్పయ్యాక దిగులు పట్టిన తల్లుల బతుకు ఎలా సాగుతోందో ప్రశ్నలడిగి అంచనా కట్టడం నా ఉద్యోగం. ఈసారి తండ్రుల్ని కూడా అడగమన్నారు. మగాళ్ళకేం దిగులని నవ్వుకుంటూనే అబిగయీలు ఇంటికి వెళ్ళాను.

అబిగయీలు మందులతో తేరుకుంది. నడక, పని, నొప్పి, బెంగ, ఏదడిగినా చక్కగా చెప్పింది. బిడ్డ ఆమె పక్కలో నిద్రపోతున్నాడు. వరండాలో మాత్రం చీర ఉయ్యాల కిర్రుకిర్రుమంటూనే ఉంది. ఊపుతున్నది ఆమె భర్త రూఫస్, హార్బర్లో బోటు ఇంజన్ల మెకానిక్కు.

"ఒట్టి ఉయ్యాల ఊపబాకరా, బిడ్డకి కడుపునొప్పి వస్తాది!" అతని తల్లి రెబెక్కమ్మ వంటింట్లోంచి అరిచింది. "చెప్పీ చెప్పీ నా నోరు పోతా ఉంది స్వర్ణమ్మా."

ఇంట్లో అందరూ ఉయ్యాల గురించే కోప్పడ్డారు. ఊపే మనిషి మొహం ఎవరూ చూడలేదు. నేను చూశాను. కళ్ళు సముద్రం వైపే ఉన్నాయి, రెప్ప పడడం లేదు.

నిలువు గీత ఉన్న అట్ట అతని ముందు పెట్టాను. పైన వంద, అంటే నిండు ఆరోగ్యం. కింద సున్నా, అంతకంటే అధ్వాన్నం లేదని. "ఈ పొద్దు నువ్వెక్కడుండావు తమ్ముడూ?"

అతని వేలు గీత వెంట దిగింది. సున్నా దాటింది. అట్ట కూడా దాటి నేల మీద ఆగింది.

"అక్కడేం లేదు గదా?"

"ఉండాదక్కా. బిడ్డ ఏడస్తా ఉండాడు. వినపడలా?"

"నీ బిడ్డ లోపల నిద్రపోతా ఉండాడయ్యా."

"వాడు కాదు. నీళ్ళల్లో ఉండేవాడు. ఊపితే ఊరుకుంటాడు. చేతులు పడిపోతా ఉండాయక్కా. మాపటికి పోయి ఎత్తుకోవాల."

సాయంత్రంలోగా ఆసుపత్రికి చేర్చకపోతే ఇతన్ని సముద్రంలోంచి తేవాల్సి వస్తుందని అర్థమైంది. భయమేసింది. ఆటో పిలిపించాను. రమ్మంటే ఉయ్యాల తాడు వదలడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న రెబెక్కమ్మ ఒకసారి మనవడి వైపు చూసింది, ఒకసారి కొడుకు వైపు. పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ వచ్చి తాడు అందుకుంది.

"పోయిరా అబ్బయ్యా. నువ్వొచ్చిందాకా నేనూపతా."

అప్పుడు లేచాడు.

పొద్దు వాలాక, ఆసుపత్రిలో రూఫస్ మందుతో నిద్రపోయాక, రెబెక్కమ్మకు ఫోన్ చేశాను. ఉయ్యాల కిర్రుమనడం వినిపిస్తోంది.

"ఇంక ఆపెయ్ పెద్దమ్మా. గండం గడిచింది. నిద్రపోతా ఉండాడు."

కిర్రు ఆగింది. ఫోన్లో సన్నగా ఏడుపు మొదలైంది.

"బిడ్డ లేచినట్టుండాడే?"

"యాడ లేచినాడు? వాళ్ళమ్మ ఒళ్ళో పడుకోనుండాడు."

వార్డు కిటికీ పక్క మంచం మీద రూఫస్ నిద్రలోనే కదిలాడు.

"ఆపబాక పెద్దమ్మా," అన్నాను. "ఊపతానే ఉండు."