తెరిపి రోజు

"గురువారం పొద్దున్నే బయలుదేరిపోదాం. వాతావరణం తెరిపి ఇస్తోంది," అన్నాడు ఓరిన్, వంటింటి గుమ్మంలో నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంటూ.

మార్లిస్ సూప్ డబ్బాలకు మూతలు బిగిస్తోంది. చలికాలం గడపడానికి ఆరిజోనా చేరేదాకా, ఇల్లులాంటి బండి ఆర్వీలో వేడిచేసుకు తినడానికి వారం నుంచి వండుతోంది, చల్లారుస్తోంది, గడ్డకట్టిస్తోంది. గడ్డకట్టించడానికి పెద్ద శ్రమేం లేదు, వెనక తలుపు బయట పెడితే చాలు. ఉత్తర డకోటాలోని డెవిల్స్ లేక్‌లో జనవరి అంటే అంతే. చేతిలో మూత అలాగే పట్టుకుని, "ఆదివారం బ్రిటా పాప బాప్తిస్మం అయ్యాక సోమవారం అనుకున్నాం కదా," అంది.

"అనుకున్నాం. శనివారం తుఫాను అంటున్నారు. అది పడిందంటే ఇక్కడే ఇరుక్కుపోతాం. గేలెన్ వాళ్ళు కూడా గురువారమే కదులుతున్నారు. రెండు బండ్లూ కలిసి వెళ్తే ధైర్యం."

"ఎవరంటున్నారు, శనివారమని?"

"అందరూ," అన్నాడు ఓరిన్, టోపీ మేకుకు తగిలిస్తూ. "నువ్వు ఆ పాప కోసం అల్లిందేదో పోస్టులో పంపించు. పసిపిల్లకు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఏం తెలుస్తుంది?"

ఆమె మూత బిగించింది. పొద్దున కాఫీ తాగుతూ ఫోనులో వాతావరణ పటం చూసింది తను. చలికాలంలో ఆర్వీ ప్రయాణమంటే దారి పొడవునా ఎక్కడ మంచు, ఎక్కడ గాలి, ఏ ఊరు దాటితే గడ్డకట్టే భయం లేకుండా బండి గొట్టాల్లోకి నీళ్ళు వదలొచ్చు, అంతదాకా తాగడానికీ కడగడానికీ ఎన్ని డబ్బాల నీళ్ళు మోసుకుపోవాలి, ఇవన్నీ చూసుకునేది ఆమే. చూసుకున్నదంతా అతనికి చెబితే, అతను కాసేపు కిటికీలోంచి ఆకాశంకేసి చూసి, "సరే, ఫలానా రోజు," అంటాడు. నిర్ణయం అతనిది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు చెప్పింది: "దారి సంగతి మగవాళ్ళకు వదిలెయ్యమ్మా, దారిలో తినేవాటి సంగతి నువ్వు చూసుకో." ఆ మాట ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, అందులో తన చేతిలోంచి తీసేసుకున్నది ఏదో ఉందని మార్లిస్‌కు చాలా ఏళ్ళు తెలియలేదు. బండి వెనక్కి తీసేటప్పుడు గడ్డకట్టే చలిలో వెనక నిలబడి చేతులూపేది తను. ఆర్వీ వెనక పికప్ ట్రక్కును తగిలించేదీ విడదీసేదీ తను. సాయంత్రానికి నడుం పట్టేసిందంటే, "చెయ్యి ఊపడం తప్ప ఏం చేశావని?" అని నవ్వుతాడు. నవ్వుతూ అన్న మాటను పట్టుకుని ఎవరు కొట్లాడతారు?

ఆ పటంలో తుఫాను గురువారం మధ్యాహ్నం దక్షిణ డకోటా మీద ఉంది, సరిగ్గా వాళ్ళు వెళ్ళాల్సిన దారి మీద. శనివారం, ఆదివారం ఇక్కణ్ణుంచి తూర్పున మినెసోటా దాకా ఎముకలు కొరికే చలి, ఎండ. ఓరిన్ పటం చూడటం రాని మనిషి కాదు. మరి ఎందుకు? గేలెన్ తొందరపెట్టాడా? ఆరిజోనాలో ఆర్వీ నిలిపే నీడ ఉన్న చోటు వేరేవాళ్ళు పట్టేస్తారనా? లేక ఆదివారం మినెసోటాలోని పెలికన్ రాపిడ్స్‌లో, రెండేళ్ళ కిందట చనిపోయిన మార్లిస్ అక్క ఐడెల్ ఇంట్లో, అక్క కూతురు బ్రిటా ఎదురుగా కూర్చోవడం ఇష్టం లేకా? ఆ చివరి ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. బ్రిటా వాళ్ళతో అతనికి పేచీ ఏముంది? ఆ ఇంటి పేరెత్తగానే లేచి గ్యారేజీలోకి వెళ్ళిపోవడం మాత్రం రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. ఇప్పుడూ వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఓరిన్ స్నేహితుడు గేలెన్, అతని భార్య బెర్నెల్ కాఫీకి వచ్చారు. ప్రయాణాల మాట తప్ప మరో మాట లేదు. గేలెన్‌ది పెద్ద గొంతు, మంచి మనసు, మాట అదుపు తక్కువ. ఖర్జూరం బార్లు రెండు తిని మూడోదానికి చెయ్యి చాస్తూ, "గురువారం వద్దంటున్నావట కదా మార్లిస్. మావాడి అంచనా ఎప్పుడైనా తప్పిందా? ఈ ఆర్వీని మొదటిసారి చూడటానికి ఫార్గో వెళ్ళామే, ఆ రోజు చూడు. ఆ వారమంతా గాలిదుమారం, ఆ ఒక్కరోజు మాత్రం తెరిపి. రోడ్డు కడిగిన పళ్ళెంలా ఉంది. మంచు మీద ఎండ పడి కళ్ళు పోయాయంటే నమ్ము. వీడు ముందే కనిపెట్టాడు. ఇంకో రోజు ఆగి ఉంటే అయోవా నుంచి బేరానికి వచ్చిన ఇంకో ఆయన ఎగరేసుకుపోయేవాడు ఈ బండిని," అన్నాడు.

"ఎప్పుడది?" అంది మార్లిస్ కాఫీ పోస్తూ. ఆమె అడిగింది ఊరికే. ఆర్వీని ఫిబ్రవరిలో ఒకాయన ఇంటికే తెచ్చి చూపించాడని కదా ఓరిన్ చెప్పింది.

"రెండేళ్ళ కిందట జనవరిలో. నువ్వు ఫోన్ కూడా చేశావు. బేరం మధ్యలో ఉన్నాం, వీడు నీతో మాట్లాడటానికి బండిలోకెక్కి తలుపేసుకున్నాడు. మర్నాడే కదా మీ అక్క..." గేలెన్ ఆగిపోయాడు.

బెర్నెల్ చెంచా కింద పెట్టి తన కప్పులోకి చూసుకుంటోంది. ఆమెకు తెలుసు, అనుకుంది మార్లిస్. ఈ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళలో తెలియనిది నాకొక్కదానికే.

ఆ ఫోను ఆమెకు మాట మాటా గుర్తుంది. అక్కకు ఇక గంటలే మిగిలాయని బ్రిటా చెప్పింది. మార్లిస్ పాత కారు అంత చలిలో కదలదు, పికప్ ఓరిన్ దగ్గరుంది. "వచ్చెయ్, నన్ను తీసుకెళ్ళు," అని ఓరిన్‌కు ఫోన్ చేసి ఏడ్చింది తను. "మార్లిస్, నా బండి ముక్కే నాకు కనబడటం లేదు. అంతా తెల్లగా ఉంది. గేలెన్ షెడ్డులో చిక్కుకుపోయాను. తూర్పు రోడ్డు మూసేశారు. రేపు చూద్దాం," అన్నాడు. ఎంత ఓర్పుగా చెప్పాడని. తమ ఇల్లు ఉన్న మూల మాత్రం గాలి ఆగిందని, గేలెన్ షెడ్డు వైపు ఆగలేదని, ఆమె నమ్మింది. అతను ఆ మాటలు చెప్పింది ఫార్గోలో నిలబడి. ఫార్గో నుంచి అక్క ఇల్లు గంట దారి. మూసేశారన్న రోడ్డు మీదే ముప్పాతిక దూరం వెళ్ళి, బండి బేరమాడి, తిరిగి వచ్చి, బూట్లు దులుపుకుని, ఆమె పక్కన పడుకుని నిద్రపోయాడు.

అతిథులు తొందరగా లేచారు. వాకిట్లో బెర్నెల్ ఆమె చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, స్కార్ఫు సర్దుకుని వెళ్ళిపోయింది.

మార్లిస్ కప్పులు కడగలేదు. కుర్చీలో కూర్చుని, "నిజమేనా?" అని అడిగింది.

ఓరిన్ కాదనలేదు. "వెళ్ళినా ఏం మారేది చెప్పు? అప్పటికే ఆమెకు స్పృహ లేదు. నువ్వు చూసి తట్టుకోలేవని... పైగా ఆ ధరకు మళ్ళీ బండి దొరికేది కాదు. ఎవరి కోసం కొన్నాను, మనిద్దరి కోసం కాదా?"

"స్పృహ లేదని నీకెవరు చెప్పారు?"

అతను లేచి వెళ్ళి టీవీ పెట్టాడు.

ఆమె పడకగదిలోకి వెళ్ళి తలుపేసి బ్రిటాకు ఫోన్ చేసింది. పాప ఏడుపు వినిపిస్తోంది వెనక. "ఒక్క మాట చెప్పమ్మా. మీ అమ్మకు ఆ రోజు స్పృహ ఉందా?"

బ్రిటా పాపను ఎవరికో అందించి మళ్ళీ ఫోను తీసుకుంది. "మధ్యాహ్నం దాకా ఉంది పిన్నీ. మంచం కిటికీ వైపు తిప్పమంది. 'బయట తెరిపిగా ఉంది, మార్లిస్ వచ్చేస్తుంది,' అంటూ రోడ్డుకేసి చూస్తూ పడుకుంది. తర్వాత బాబాయి ఫోన్ చేసి రోడ్లు మూసేశారన్నాడు. మేం కిటికీలోంచి చూస్తే ఎండ కాస్తోంది. అమ్మను అలా చూడటం నీకు ఇష్టం లేదేమో, ఆయన చేత చెప్పించావేమో అనుకున్నాం. మళ్ళీ అడగాలనిపించలేదు."

ఈ రెండేళ్ళూ వాళ్ళు తనను అనుమానించారు. పండక్కి ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడింది అందుకా? తన పెంపకంలో సగం పెరిగిన పిల్ల, తనను అలాంటి మనిషనుకుంది. మరి ఏప్రిల్ సంగతేమిటి? ఆ ప్రాంతంలో నేల గడ్డకట్టి ఉండగా సమాధి తవ్వరు. అంత్యక్రియల ప్రార్థన జనవరిలో జరిగినా అక్కను పూడ్చింది ఏప్రిల్‌లో. అప్పటికి తాము ఆరిజోనాలో ఉన్నారు. తిరిగొచ్చే దారిలో కొలరాడోలో ఇంకా మంచు పడుతోంది, మే దాకా ఆగుదామన్నాడు ఓరిన్. పడిందా? అమ్మకు ఒంట్లో బాగా లేనప్పుడు వాన పేరు చెప్పి రెండు రోజులు ఆగమన్నాడే, ఆ వాన? కాలేజీలో చేరడానికి ఇంటర్వ్యూకు వెళ్ళాల్సిన రోజున రోడ్డు మీద కంటికి కనబడకుండా పేరుకుందన్న నల్లమంచు, తను బడి వంటగది ఉద్యోగంలోనే ఉండిపోయేలా చేసిన ఆ మంచు? ఏది పడింది, ఏది పడలేదు? ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలోని ఆకాశం మొత్తం ఆమెకు అనుమానంగా తోచింది. వాటిలో చాలావరకు నిజమే అయి ఉండొచ్చు. ఇక ఏవి నిజమో తేల్చుకోవడానికి మాత్రం ఆమెకు దారి లేదు, అడగడానికి అతనొక్కడే ఉన్నాడు.

గురువారం పొద్దున ఓరిన్ ఆర్వీ ఇంజను వేడెక్కిస్తుంటే, మార్లిస్ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని పికప్ కొక్కేలు విడదీసింది. ముందురోజు తనే తగిలించింది. గ్లవుజులు తీస్తే గానీ పిన్ను రాలేదు. ఇనుము వేళ్ళకు అంటుకుంది. తన సంచీ అప్పటికే ముందు సీట్లో ఉంది.

ఓరిన్ దిగి వచ్చాడు. "ఏం చేస్తున్నావ్?"

"పెలికన్ రాపిడ్స్ వెళ్తున్నాను."

"పిచ్చా నీకు? తుఫాను వస్తుంటే."

"తుఫాను నీ దారిలో ఉంది. నా దారి చూసుకున్నాను."

"నేనొక్కణ్ణీ ఎలా వెళ్ళను? నీళ్ళు, తిండి, ఆ వెనకాల..." అని, ఆ మాట తన చెవికే ఎలా వినిపించిందో గానీ, మధ్యలో మానేశాడు. మార్లిస్ అద్దం మీది మంచు గీకి, పికప్ ఎక్కి, నెమ్మదిగా రోడ్డు మీదికి తిప్పింది. గ్రాండ్ ఫోర్క్స్ దాటేదాకా ప్రతి మబ్బునీ అనుమానంగానే చూసింది. రోడ్డు పొడిగా ఉంది.

ఆ సాయంత్రం దక్షిణ డకోటాలో రోడ్లు మూసేశారు. గేలెన్ వాళ్ళు రెండు రోజులు ఒక లారీల హోటల్ దగ్గర ఆర్వీలోనే గడిపారట. ఓరిన్ ఇంటి నుంచి కదల్లేదు. ఆదివారం చర్చిలో బ్రిటా పాపను మార్లిస్ చేతుల్లో పెట్టింది. పాపకు ఐడెల్ అనే పేరు పెట్టారు. ముందురోజే కూర్చోబెట్టుకుని మార్లిస్ మొత్తం చెప్పేసింది, ఇద్దరూ ఏడ్చారు, తర్వాత అన్నం తిన్నారు.

ఆ సాయంత్రం ఓరిన్ ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది. "ఈ వారమంతా బాగుంటుందంటున్నారు. నువ్వే చూసి చెప్పు మార్లిస్, ఏ రోజు బయలుదేరదామంటావు?"

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. మునుపైతే దానికే కరిగిపోయేది. ఇప్పుడు ఆ మెత్తదనాన్ని కూడా తిప్పి చూసింది. నిజంగా బాధపడుతున్నాడా, లేక గొంతు మెత్తబడటానికి కారణం మూడు రోజులుగా తన కప్పు తనే కడుక్కోవడమా? రెండూ కావచ్చు. తేల్చాల్సిన అవసరం తనకు లేదని, ఆ తేల్చే పని కూడా ఇన్నాళ్ళూ తను జీతం లేకుండా చేసినదేనని, ఆమెకు హఠాత్తుగా తట్టింది.

"నువ్వు బయలుదేరు ఓరిన్. నేను ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటాను," అంది.

"ఏప్రిలా? అక్కడ నీకేం పని?"

మార్లిస్ అక్క మంచం తిప్పించుకున్న కిటికీ పక్కన కూర్చుని ఉంది. బయట రోడ్డు మీద ఎవరూ రావడం లేదు.

"పనేం లేదు," అంది.