పది అని రాసిన డబ్బా

"మోకాళ్లు వంచు ప్రీతీ, నడుము కాదు! నడుము వంచినవంటే డబ్బానే నిన్ను ఎత్తుతది."

రాజమణి అరుపు మెట్ల కింద బర్రెల కొట్టం దాకా వినిపించింది. తెల్లవారకముందే పాలు పితికి, యాకుత్‌పురా గల్లీల్లో నలభై ఇళ్లకు పోసి వచ్చి, చీర మీదే మగవాళ్ల చొక్కా తొడుక్కుని ఆమె ఆడవాళ్ల జిమ్ నడుపుతుంది. జిమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కొట్టం మీద ఒక్క గది, గడ్డివాసన, గోడకు పగిలిన అద్దం, ఇసుక నింపిన పదిలీటర్ల పాలడబ్బాలు ఆరు. ఒక్కోదాని మీద ఎర్రరంగుతో 'పది' అని రాసి ఉంటుంది. రాజమణికి యాభై దాటాయి. పొట్టి మనిషి, ముఖం కన్నా ముందు భుజాలు కనిపిస్తాయి.

భర్త చనిపోయిన ఏడాది నడుము పట్టేసి ఆమె మంచాన పడింది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి బరువు ఎలా ఎత్తాలో నేర్పింది. ఇన్నేళ్లూ తప్పుగా మోశానే అన్న ఉక్రోషం పట్టుకుంది రాజమణికి. నడుము బాగయ్యాక కూడా ఆ అమ్మాయిని వదలకుండా ఆరునెలలు నేర్చుకుంది. తర్వాత తవుడు బస్తాల గది ఖాళీ చేసి జిమ్ పెట్టింది. మొదటి ఏడాది వచ్చింది ఇద్దరే. ఒక వానాకాలమైతే ఆ ఇద్దరూ రాలేదు. అప్పుడూ వేళకు తలుపు తీసి, తానొక్కతే పైకి లెక్కపెట్టుకుంటూ ఎత్తింది. గల్లీ నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది. ఇప్పుడు పదకొండుమంది.

ఆ గదికే మరిది మహేందర్ ఎసరు పెట్టాడు. బస్తాలు మళ్లీ అక్కడే పెట్టాలట, ఇవాళ్టికల్లా ఖాళీ చెయ్యాలట. ఇల్లు అత్త కొమురమ్మది. ఆమె ఔననలేదు, కాదనలేదు. "చెయ్య" అని రాజమణి నిన్న ఒక్క మాట అని ఊరుకుంది. పొద్దున ఎప్పటిలాగే తలుపు తీసింది, పదకొండుమందీ వచ్చారు.

పదకొండింటికి మహేందర్ రానే వచ్చాడు.

"వదినా, బస్తాల ఆటో గల్లీల నిలబడ్డది."

"నిలబడనీ. ఇంకా రెండు సెట్లున్నయ్."

"పది కిలోలు లేపుతందుకు గిదొక జిమ్! ఏంది వదినా ఈ లొల్లి?"

తానే సామాను దించేస్తానన్నట్టు వంగి ఒక డబ్బాను ఒంటిచేత్తో లాగాడు. పాలు మోసే చెయ్యి అది, పదిలీటర్ల డబ్బా ఎంత బరువో దానికి కంఠతా వచ్చు. డబ్బా జానెడు లేచి, అతన్నే పక్కకు గుంజేసింది. గోడ ఉంది కాబట్టి పడలేదు.

"అరే! ఇది పదా?"

ప్రీతి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం షిఫ్టు చేస్తుంది. ఆ పిల్ల మొదట నవ్వింది, తర్వాత అనుమానం వచ్చి కిందికి పరిగెత్తి తవుడు తూచే కాంటా తెచ్చింది. ముల్లు పదిహేడు మీద ఆగింది.

పదిలీటర్ల పాలంటే పదికిలోలు. ఆ ఇంట్లో తరతరాల చేతులకు తెలిసిన తూకం అదొక్కటే. ఇసుక పాలకన్నా బరువని రాజమణికి తట్టనే లేదు. మూడేళ్లుగా భుజాలు లాగినప్పుడల్లా వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంది.

"అక్కా, మూడేండ్ల సంది మనం పదిహేడు లేపుతున్నమా?"

రాజమణికి సిగ్గూ గర్వమూ కలిసి వచ్చాయి. గర్వమే గెలిచింది.

"చూసినవా మహేందర్? నీతోని కానిది గీ పిల్ల పన్నెండు సార్లు లేపుతది. పో, ఆటోను వాపస్ పంపు."

అతను నోరు తెరిచేలోపు మెట్ల మీద అడుగులు వినిపించాయి. గోడ పట్టుకుని కొమురమ్మ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్లు. మూడేళ్లు ఈ జిమ్మును చూసి మూతి తిప్పిన మనిషి, గదిలో కాలుపెట్టడం ఇదే మొదలు. కొంగు చాటునుంచి పాలు కొలిచే లీటరు గిన్నె తీసి కోడలి చేతిలో పెట్టింది.

"దీంట్ల ఇసుక పొయ్యి బిడ్డా."

"నీకెందుకమ్మా గివన్నీ?" అన్నాడు మహేందర్.

"నువ్వు ఊకో. యాభై ఏండ్లు నెత్తిమీద పాలు మోసిన. ఎంత మోసిననో ఒక్కడన్న లెక్కవెట్టిండా? ఈమె రోజూ అందరిది లెక్కవెడుతుంటె కింద కూసొని ఇంటున్న. మణీ, నాది గూడ లెక్కవెట్టు. ఈ అర్ర నీది, నేనున్నా పోయినా నీదే. బస్తాలు వాని అర్రల పెట్టుకుంటడు."

రాజమణి గిన్నె అంచుదాకా ఇసుక పోసి అత్త చేతికిచ్చింది. పైకి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. ఐదు దాకా ఎత్తి కొమురమ్మ తృప్తిగా చాప మీద కూర్చుంది.

"జరసేపు కునుకు తీస్త. మీరు కానియ్యుండ్రి."

వాళ్లు మిగిలిన రెండు సెట్లూ పూర్తిచేశారు. అన్నానికి లేపబోతే ఆమె లేవలేదు. గోడకు ఒరిగిన ముఖంలో బాధ జాడే లేదు. రాజమణి ఆ చాప మీదే కూలబడి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది.

మైల తీరిన పన్నెండో రోజు పదిన్నరకు జిమ్ తలుపు తీసింది. మహేందర్ బస్తాల ఊసెత్తలేదు. తల్లి మాట కాదనాలంటే, పదిహేడు కిలోలు లేపే పదకొండుమంది సాక్షులను దాటుకుని రావాలి. రాజమణి ఆరు డబ్బాల మీదా 'పది' కొట్టేసి 'పదిహేడు' అని దిద్దింది. వాటి పక్కన, పిడి అరిగిన లీటరు గిన్నె, అంచుదాకా ఇసుకతో, కొమురమ్మ దించిన చోటనే ఉంది.