గుండె ముందు నల్లచార

మాకు అల్ట్రాసౌండ్ నేర్పిన మేడమ్‌ని చాటున కత్తెర అనేవాళ్లం. ఎవరి మాటనీ చివరిదాకా పోనిచ్చేది కాదు. “మేడమ్, నాకేమనిపిస్తోందంటే” అని మొదలుపెడితే చాలు, “నీకనిపించింది ఎవరిక్కావాలి? కనిపించింది చెప్పు” అని తుంచేసేది.

ఐసీయూలో పనిచేసే డాక్టర్లం నలుగురం ఆవిడ దగ్గర చేరాం. రోగిని స్కానింగ్ గదికి తీసుకెళ్లే వ్యవధి లేనప్పుడు మంచం దగ్గరికే మిషన్ తెచ్చి, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఊపిరితిత్తుల్లో ఏముంది, పొట్టలో రక్తం చేరిందా అన్నది మేమే చూసుకోవాలి. వినడానికి ఇంతే. ఒంటికి ఆనించి చూసే ప్రోబ్ చేతికొచ్చాక తెలుస్తుంది అసలు సంగతి. గుండె ఎక్కడికీ పోదు, మనకే దొరకదు. మొదటి వారం నాకు స్క్రీన్ మీద సిగ్నల్ లేని టీవీలో చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. అయినా “కనిపించింది మేడమ్” అనడంలో నేను అందరికన్నా ముందుండేవాణ్ణి.

నలుగురిలో ఒకమ్మాయిని మేడమ్ నత్త అని పిలిచేది. మేం మూడు బొమ్మలు తీసేలోపు ఆ అమ్మాయి ఒక్కటి తీసేది. ప్రోబ్‌ని గోరంత జరిపి, ఆగి, మళ్లీ గోరంత జరిపేది. “నత్తా, నువ్వు గుండె చూసేలోపు రోగి కోలుకుని ఇంటికెళ్లిపోతాడు” అనేది మేడమ్. ఆ పిల్ల నవ్వేది కాదు, చిన్నబుచ్చుకునేదీ కాదు. దున్నపోతు మీద వాన.

నేర్చుకోవడానికి జబ్బు లేని మనుషులు కావాలి. చొక్కా విప్పి, చల్లటి జెల్ పూయించుకుని గంటలకొద్దీ పడుకునే ఓపిక ఎవరికుంటుంది? మేడమ్ తన అన్నయ్యని పట్టుకొచ్చింది. ఆయనకి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. నిండైన మనిషి, బొజ్జ, నోరు తెరిస్తే మూతపడదు. “చిన్నప్పట్నుంచీ మా చెల్లెలు నన్ను బల్లలెక్కిస్తూనే ఉంది. అప్పుడు అటక మీది డబ్బాల కోసం, ఇప్పుడు మీ కోసం” అంటూ పడుకున్నాడు.

మేడమ్ మాకొక కథ చెప్పింది. “ఈయన బండి మీంచి పడ్డాడు. పొట్టలో దెబ్బ తగిలింది, బీపీ పడిపోతోంది. చూసి చెప్పండి.” అన్నయ్య కథకి తగ్గట్టు మూలగడం కూడా మొదలుపెట్టాడు. వంతులవారీగా చూశాం. నాకు లివరు పక్కన రక్తం చేరినట్టు స్పష్టంగా కనిపించింది. మిగతా ఇద్దరికీ అంతే. నత్త చాలాసేపు చూసి, “నాకు రక్తం కనపడలేదండి” అంది.

“మరి వాళ్ల ముగ్గురికీ కనపడిందిగా?”

“వాళ్ల సంగతి నాకు తెలీదండి. నాకు కనపడలేదు.”

మేడమ్ మా ముగ్గురి వైపు తిరిగింది. ఆ తర్వాత మేం పడ్డ తిట్లు ఇక్కడ రాయను. కథ చెవిలో పడితే కళ్లు దానికి తలూపుతాయని ఆవిడ మాకు తలంటి మరీ చెప్పింది.

ఆ రోజే ఆయన గుండె చూస్తూ నత్త, “ముందు వైపు ఈ నల్లచార ఏంటండీ?” అని అడిగింది. మేడమ్ పక్క బల్ల దగ్గర్నుంచే ఓ చూపు విసిరి, “కొవ్వు. లావుపాటి వాళ్లకి ఉంటుంది. పద, ముందుకి కదులు” అంది.

“నాకు కొవ్వని మా ఇంట్లో అందరికీ తెలుసమ్మా. దానికి మిషనెందుకు?” అన్నాడు అన్నయ్య.

కోర్సు ముగింపుకొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అదే అన్నయ్యని స్ట్రెచర్ మీద మా ఐసీయూకి తెచ్చారు. కొద్ది రోజులుగా జ్వరమట, పొద్దుట్నుంచి ఆయాసమట. ఒళ్లు చల్లబడింది. బీపీ అందీ అందనట్టుంది. మేడమ్ వదినని బయట కూర్చోబెట్టి పరుగున లోపలికొచ్చింది. ప్రోబ్ తనే తీసుకుంది.

గుండె ముందు నల్లటి చార. దాని వెనక గుండె నీరసంగా కదులుతోంది.

“గుండె చుట్టూ నీళ్లు చేరి నొక్కేస్తున్నాయి. సూదితో లాగేస్తే ఇప్పుడే లేచి కూర్చుంటాడు” అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. నాకది అర్థమైంది. నీళ్లయితే తీసెయ్యొచ్చు. అన్నయ్యని తన చేత్తోనే బతికించుకోవచ్చు.

“నీకూ కనపడుతోందిగా?” అని నన్నడిగింది.

“కనపడుతోంది మేడమ్” అన్నాను. సూది ప్యాకెట్ విప్పి చేతికిచ్చాను కూడా.

నత్త ముందుకొచ్చింది. “ఒక్కసారి నన్ను చూడనివ్వండి.”

“ఇది క్లాసు కాదు. మా అన్నయ్య పోతున్నాడిక్కడ!”

“అందుకేనండి.”

మేడమ్ ప్రోబ్ వదల్లేదు. నత్త ఆవిడ చేతి మీదే చెయ్యి వేసి గోరంత జరిపింది. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం మీదికొస్తే దీని చాదస్తం దీనిది అనుకున్నాను.

“వెనక వైపు ఏమీ లేదండి. పడుకున్న మనిషికి నీళ్లుంటే మొదట వీపు వైపు చేరాలి కదా” అంది నత్త.

“ఇదిగో, ముందుంది కదే!”

“ఆ చార ఆ రోజూ ఉందండి. ఆయన బల్ల మీద పడుకుని జోకులేసిన రోజు. నేనడిగితే మీరే కొవ్వని చెప్పారు.”

మేడమ్ ఈ మాటని తుంచలేదు. స్క్రీన్ వైపు చూస్తూ నిలబడింది. నీళ్లు లేని చోట గుచ్చితే సూది నేరుగా గుండెలోకి దిగుతుంది. మాకది నేర్పింది ఆవిడే. మొహంలో ఇందాకటి సంతోషం కాస్త కాస్తగా పోవడం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

సూదిని పళ్లెంలో పెట్టేసింది. “నువ్వు చూడు. ఇవాళ నా కళ్లని నమ్మడానికి లేదు” అని ప్రోబ్ నత్తకిచ్చి, బయటికెళ్లి వదిన పక్కన కూర్చుంది.

నత్త తన తీరునే నిదానంగా చూసింది. గుండె కండరమే చచ్చుబడిపోయింది. జ్వరం చేసిన చేటు అది. సూదితో పోయేది కాదు. మేం మందులెక్కిస్తుంటే ఆ పిల్ల బయటికెళ్లి ఇద్దరికీ చెప్పింది. అలాంటి గుండెతో ఎంతమంది బతుకుతారో మా అందరికన్నా మేడమ్‌కే బాగా తెలుసు. అయినా ఏమీ తెలియని మనిషిలా, “బతుకుతాడా?” అని అడిగింది.

“తెలీదండి” అంది నత్త.

మర్నాటికి అన్నయ్య కళ్లు తెరిచాడు. మాస్కు పక్కకి లాగి, ప్రెస్సులో పని ఆగిపోయిందని చెల్లెలితో పోట్లాడాడు. వదిన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏవేవో మాట్లాడాడు. ఆ వారం గడవకుండానే ఒక ఉదయం గుండె ఆగిపోయింది. ఎంత చేసినా తిరిగి కొట్టుకోలేదు.

మేడమ్ మళ్లీ పనిలోకొచ్చిన రోజు మేమంతా ఆవిడ చుట్టూ చేరాం. ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోలేదు. “ఏం చేసినా ఎటూ దక్కేవారు కాదులెండి” అన్నాను, ఓదార్పనుకుని.

“ఎటూ అనకు” అంది మేడమ్. “మా అన్నయ్య జబ్బుతో పోయాడు. నా సూదితో పోలేదు.”

అని, నత్త చెయ్యి పట్టుకుని మా ముందే ఏడ్చేసింది.