నాలుగు పాయింట్ల ఇన్వర్టర్

ఇంట్లో మనిషి పోతే ఏడవాలి. సుకుమారి ఏడవలేదు. భర్త పోయి రెండు నెలలైనా ఆమె కంట్లో తడి లేదని ఉదయగిరి చర్చిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఆమెకు ఏడవాలనీ లేదు, ఏడవకూడదనీ లేదు. పొద్దున లేవడం, ఇంత వండటం, ఆయాసంతో మంచం పట్టిన అత్త రాహేలమ్మకు మందు ఇవ్వడం, అంతే.

ఆ ఆయాసం కోసమే నిరుడు, తొంభై ఏడులో, ఆమె భర్త సురేంద్రబాబు ఇన్వర్టర్ పెట్టించాడు. బడిపంతులు జీతానికి అది పెద్ద బరువే. కానీ ఫ్యాను ఆగితే తల్లికి ఊపిరాడదు. కరెంటున్నంతసేపూ ఆ పెట్టె బ్యాటరీని నింపుతుంది. కరెంటు పోగానే టక్కుమని బ్యాటరీలోంచి తీసి ఇంటికి ఇస్తుంది. ఇల్లంతా మోయలేదు గనుక విడిగా ఒక లైను లాగి నాలుగు పాయింట్లే కలిపారు: అత్త ఫ్యాను, వంటింటి లైటు, వసారా లైటు, అతను పరీక్ష పేపర్లు దిద్దుకునే కిటికీలేని గదిలో ట్యూబ్‌లైటు.

బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అతనే ఆత్మకూరు నుంచి తెచ్చేవాడు. చివరిసారి రెండు క్యాన్లు కొని, బస్టాండులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అతన్ని తెచ్చిన జీపులోనే క్యాన్లూ ఇంటికొచ్చాయి.

బోరునీళ్లు ఒకటే ఉప్పు. గొంతు దిగక అత్త అల్లాడుతుంటే సుకుమారి ఆ క్యాన్ల నీళ్లు ఆమెకు తాగించి, బ్యాటరీకి బోరునీళ్లు పోసింది. బిందెడు తియ్యటి నీళ్లకు కొట్టుకు చచ్చే ఊళ్లో, మంచినీళ్లు మనిషికి పోయకుండా మిషనుకు పోస్తారా ఎవరైనా?

మే నెలకల్లా ఫ్యాను పది నిమిషాలకే ఆగిపోసాగింది. కబురు పెడితే ఆత్మకూరు నుంచి ఫిట్టర్ దయాసాగర్ సాయంత్రం బస్సుకు వచ్చి, బ్యాటరీ మూతలు విప్పి చూశాడు.

"ఏం నీళ్లు పోసినావక్కా?"

"బోరునీళ్లు."

"ఇంకేముండాది! ఆ ఉప్పుకి ప్లేట్లు పోయినాయి. కొత్త బ్యాటరీ రావాలంటే వారం పడతాది. అందాకా ఒక్క పాయింటే ఉంచితే ఓ గంట లాగతాదేమో. మిగతా మూడూ తీసేయాల."

"వంటింటిది తియ్. వసారాది తియ్."

"సారు గదిలోది?"

ఆ లైటు స్విచ్చి మీద రెండు నెలలుగా ఎవరూ చెయ్యి వేయలేదు. పగలూ రాత్రీ అది వెలుగుతూనే ఉంది.

"తియ్," అంది సుకుమారి. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అతను ఆ మూడింటి వైర్లూ విప్పి, మామూలు కరెంటు లైనుకు కలిపి టేపు చుట్టాడు. ఆరింటికి రోజూలాగే కరెంటు పోయింది. పెట్టె టక్కుమంది. ఫ్యాను తిరుగుతోంది. దయాసాగర్ సామాను సర్దుకుంటున్నాడు.

"సుకుమారీ, అబ్బోడి గదిలో లైటు ఆరిపోయిందేందే?" మంచం మీద నుంచి రాహేలమ్మ.

"నీ ఫ్యాను తిరగాలంటే అది తీసేయాలంటత్తా."

ముసలామె కాసేపు ఆయాసపడింది.

"ఊరంతా చీకటైనా ఆడ ఎలుగుతా ఉండె. వాడు లేడని నాకు తెలవదా? తెలుసు. అయినా పేపర్లు దిద్దుకుంటా ఉండాడులే అనుకునేదాన్ని. ఈ ఫ్యాను తీసేసి అదెయ్యమను."

సుకుమారి గడప మీద కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. దయాసాగర్ పటకారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"లైటు కలుపు తమ్ముడూ," అంది చివరికి. "ఫ్యాను తీసెయ్."

"అవ్వకి ఊపిరాడదు గదక్కా?"

ఆమె లేచి గూట్లోని విసనకర్ర తీసుకుని మంచం పట్టె మీద కూర్చుంది. భర్త గదిలో లైటు రెండుసార్లు మిణుకుమని వెలిగింది. కరెంటు వచ్చేదాకా సుకుమారి అత్తకు విసురుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.