ఫ్యాన్ల గదిలో మంచం

సోమవారం పొద్దున వీబె ఆఫీసుకు రాలేదు. అలైడకు అది నమ్మశక్యం కాలేదు. విశ్వవిద్యాలయం భద్రతా విభాగంలో ఆమె అతని పై అధికారి. కానీ ఆ పని ఆమెకు నేర్పింది అతనే. ఏ ప్రయోగశాలలో ఏ విషం ఉందో, ఏ గొట్టం ఎక్కడ బయల్దేరి ఏ భవనం కప్పు మీద తేలుతుందో అతనికి కంఠతా వచ్చు. కాలువలు గడ్డకట్టి బస్సులు ఆగిపోయిన రోజున కూడా అందరికంటే ముందొచ్చి కాఫీ కాచి పెట్టిన మనిషి.

ఫ్యాన్లు బాగుచేసే కంపెనీ మనిషి గుమ్మంలో నిలబడి విసుక్కున్నాడు. "మేడమ్, రసాయనశాస్త్రం భవనం కప్పు తాళం ఇస్తారా, నన్ను ఇంటికెళ్ళి పడుకోమంటారా?"

"ఉండవయ్యా. ముందు కింద ల్యాబులన్నీ ఆపించాలి."

కప్పు మీదికి మనిషి ఎక్కేముందు కింద ప్రయోగాలన్నీ నిలిపేయాలన్నది వీబె ఆమెకు మొట్టమొదట నేర్పిన పాఠం. అలైడ ఒక్కొక్క ల్యాబుకూ ఫోన్ చేసింది. నాలుగో అంతస్తుకు కొత్తగా మారిన ప్రొఫెసర్ ఫెన్న ఫోనెత్తి, లోపలికి వెళ్ళి చూసి వచ్చింది.

"అయ్యో అలైడా, మా సిలిండర్ నిన్న రాత్రి నుంచీ సరిగా కట్టినట్టు లేదు. ఇప్పుడే కట్టేశాం. గ్యాసంతా గొట్టంలోంచి పైకే పోయిందిలే, గదిలో ఏమీ లేదు."

"ఏం గ్యాస్?"

"కార్బన్ మోనాక్సైడ్."

రంగూ వాసనా లేని విషం. పైకి పోయి గాలిలో కలిసిపోయి ఉంటుందని అలైడ సర్దిచెప్పుకుంది. అయినా విషవాయువును పసిగట్టే మీటర్ కోటుకు తగిలించుకుని, కంపెనీ మనిషిని మెట్ల దగ్గరే ఆగమని, కప్పు మీదికి వెళ్ళింది.

కప్పు మీద పొగగొట్టాల పక్కన ఫ్యాన్ల గది ఉంది. తలుపు తీసిందో లేదో మీటర్ గీపెట్టింది. అలైడ వెనక్కి గెంతింది. ఏదో గొట్టం చిరిగి, గ్యాస్ ఆ గదిలోకే కారిందన్నమాట. తలుపు మూయబోతూ ఆగిపోయింది. పెద్ద గొట్టం వెనకనుంచి రెండు పాదాలు కనిపించాయి. బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు.

"ఎవరది? లేవండి! బయటికి రండి!"

కదలిక లేదు. ఆమె వీబెకు ఫోన్ చేసింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అతన్నే అడగాలి మరి. ఫోన్ గది లోపల మోగింది.

అలైడ ముందుకు ఉరికింది. లోపలికి దూకబోయిన కాలు గడప మీదే ఆగింది. పడిపోయిన మనిషి కోసం ఊపిరి బిగబట్టి పరిగెత్తితే తీసుకొచ్చేది రెండు శవాలనే అని శిక్షణలో బల్ల చరిచి చెప్పినవాడు ఆ లోపల పడి ఉన్నవాడే.

గదికి అవతలివైపు ఇంకో తలుపుంది. బయటినుంచి చుట్టూ పరిగెత్తి దాన్ని తెరిచింది. సముద్రంవైపు గాలి ఈ తలుపులో దూరి ఆ తలుపులో బయటపడింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తూ, కంపెనీ మనిషికి కేకలు పెడుతూ, మీటర్ వంక చూస్తూ నిలబడింది. అంకె దిగుతోంది. ఇంకా దిగాలి. కళ్ళముందు మనిషి పోతుంటే ఊరికే నిలబడటం ఆమె జన్మలో చెయ్యలేదు. ఏడుస్తూనే నిలబడింది.

మీటర్ నోరు మూసుకుంది. ఇద్దరూ లోపలికి ఉరికి, చంకలకింద చేతులు వేసి అతన్ని బయటికి లాక్కొచ్చారు. ముఖం ఆరోగ్యవంతుడి ముఖంలా గులాబీరంగులో ఉంది. అది చూసి అలైడకు మరింత భయమేసింది. ఆ విషం పెట్టే రంగు అది.

"ఊపిరుంది మేడమ్, ఊపిరుంది!" అన్నాడు కంపెనీ మనిషి.

స్ట్రెచర్ కిందికి దిగిపోయాక, ఫోన్ కోసం ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది. పొద్దున్నే తనిఖీకి వచ్చి పడిపోయాడనుకుంటోంది అప్పటిదాకా. గొట్టం వెనక మడతమంచం, దిండు, దుప్పటి ఉన్నాయి. వెచ్చటి గొట్టం మీద రెండు చొక్కాలు ఆరేసి ఉన్నాయి. రొట్టె, దాని మీద చల్లుకునే చాక్లెట్ పలుకుల డబ్బా, గడ్డం గీసుకునే కత్తి, కూతురి ఫోటో.

అలైడ ఫోటో చేతిలోకి తీసుకుంది. బస్సులు ఆగిపోయిన రోజున అందరికంటే ముందు ఎలా వచ్చాడో ఇప్పుడర్థమైంది.

సాయంత్రం ఆస్పత్రిలో వీబె కళ్ళు తెరిచాడు. "ఏంటమ్మాయ్, అలా చూస్తున్నావ్? దెయ్యాన్ని చూసినట్టు?"

"ఎన్నాళ్ళనుంచి?"

"విడాకులయ్యాక ఇల్లు అమ్మేశాం కదా. అప్పట్నుంచి. చౌక అద్దెకిచ్చే సర్కారు ఇళ్ళ వరసలో నా వంతు వచ్చేసరికి నేను రిటైరైపోతాను."

"నాతో ఒక్కమాట అనలేకపోయావా?"

"ఏమని? మీ గురువుగారు ఫ్యాన్ల పక్కన పడుకుంటున్నారనా?" నవ్వబోయి దగ్గాడు. "లెక్క తప్పలేదు నాది. ఆ గదిలోకి వచ్చేవి నాలుగో అంతస్తు గొట్టాలే, అక్కడ గ్యాస్ పని ఎవరూ చెయ్యరు. ఆమ్లాలు మరిగించే రోజున నేలమాళిగలో పడుకునేవాణ్ణి."

అలైడ తల దించుకుంది. "ఫెన్న వాళ్ళు నాలుగో అంతస్తుకు మారారు. నువ్వు సెలవులో ఉన్నప్పుడు నేనే ఒప్పుకున్నాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

అతను ఆమె చేతిమీద తట్టాడు. "నేను అక్కడున్నానని నీకేం తెలుసు?" అన్నాడు. "పైవాళ్ళకు చెబుతావా?"

"చెప్పాలి. నా తప్పు కూడా చెబుతాను."

"చెప్పు. చెప్పకపోతే నీకు నేను నేర్పిందేముంది?" కిటికీవైపు తిరిగాడు. "అలైడా... భౌతికశాస్త్రం కప్పు మీద లిఫ్టు మోటారు గది ఉంది చూడు. మెల్లగా తలుపు కొట్టు. ఆవిడకు కంగారెక్కువ."

"ఏ ఆవిడ?"

"లాటిన్ చెబుతుందే, తెల్లజుట్టు ఆవిడ. మాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. అందరి సంగతీ నాకు తెలియదు."

అలైడ లేవబోయి మళ్ళీ కూర్చుంది.

విశ్వవిద్యాలయం వీబెను పనిలోంచి తీసెయ్యలేదు. కప్పుల తాళాలు మాత్రం తీసేసుకుని, అతిథుల వసతిలో ఒక గది ఇచ్చింది. అలైడకు హెచ్చరిక ఇచ్చింది. అదంతా తర్వాతి సంగతి. మర్నాడే, మంగళవారం పొద్దున, ఆమె రెండు కాఫీలు పట్టుకుని భౌతికశాస్త్రం కప్పు ఎక్కి, లిఫ్టు మోటారు గది తలుపు మెల్లగా కొట్టింది. లోపల ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది.

"భయపడకండి. వీబె పంపాడు," అంది అలైడ.