తెల్లచీటీ బోనులు

కింది అరలోని బోను బయటికి లాగి, పాత రంపపుపొట్టు బకెట్లోకి దులిపి, కొత్తది పరిచేసరికి ఎలుకల మామకు నడుం పట్టేసింది. కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. ఎలుకల గదిలో పని కాబట్టి ఎలుకల మామ. గేటు దగ్గర కాపలావాడు వేళాకోళానికి పెట్టిన పేరది. ఇప్పుడు ఆఫీసు గుమస్తా దగ్గర్నుంచి అందరూ అలాగే పిలుస్తారు. ఆయనకేం కోపం లేదు. పేరు పిలిస్తే పలకడానికే కదా అంటాడు.

కిటికీ లేని గది. ఎంత కడిగినా పోని ఉచ్చకంపు. గోడ పొడవునా బోనులు, వాటిలో తెల్ల ఎలుకలు. అన్నిటికీ చక్కెర జబ్బు తెప్పించారు. ఊదాచీటీ అంటించిన బోనుల్లో వాటికి ద్రాక్షతొక్కల రసం, తెల్లచీటీ వాటికి ఉత్త నీళ్ళు. పరిశోధన చేసే మేడమ్ ఇదంతా మొదట్లోనే విడమరిచి చెప్పింది. నల్లద్రాక్ష తొక్కలో, గింజలో నాలుకను పట్టేసే వగరు ఉంటుంది, దాన్ని పాలీఫెనాల్స్ అంటారు, చక్కెర జబ్బు ముదిరి కళ్ళు పాడవకుండా అది కాపాడుతుందేమో చూడాలి అంది. కళ్ళు అనే మాట దగ్గరే మామ మనసు ఆగిపోయింది. ఇంట్లో భార్యకు అదే జబ్బు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి చేయగలిగిందంతా చేశామని, ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని కళ్ళ డాక్టరు చేతులెత్తేశాడు.

"కొంచెం మా ఇంటావిడకి పట్టుకెళ్ళనా మేడమ్?" అని ఒకసారి అడిగాడు.

"వద్దు మామా. ముందు ఎలుకల్లో తేలాలి. తర్వాత కదా మనుషులు."

వద్దంటే వద్దే. నాలుక మీద వేసుకోవడానికైనా ఒక్క చుక్క ఇంటికి పట్టుకెళ్ళలేదు మహానుభావుడు. ఎలుకల్లో తేలే రోజు కోసం కొండంత ఆశ పెట్టుకుని, వాటిని కన్నబిడ్డల్లా సాకాడు. పోయిన వారం రెండు గుంపుల్లోనూ సగం ఎలుకల్ని చంపి కళ్ళు పరీక్షకు తీశారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. అయినా ఫలితం వస్తుందిగా అని సరిపెట్టుకున్నాడు.

నీళ్ళ సీసాలు బిగిస్తుండగా మేడమ్ వచ్చింది. వచ్చి ముక్కాలిపీట మీద కూలబడింది.

"తేడా లేదు మామా. రసం తాగినవాటి కళ్ళూ, నీళ్ళు తాగినవాటి కళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి."

మామ మొహం విప్పారింది. పిచ్చి మనిషి, అది మెచ్చుకోలు అనుకున్నాడు.

"తేడా ఎందుకుంటుంది మేడమ్? చూస్తూ చూస్తూ తేడా రానిస్తానా? ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టే రకం కాదు నేను."

"అంటే?"

"మీరు వెళ్ళాక రోజూ రసం మిగిలేది కదా. పారబోయమన్నారు. మనసొప్పలేదు. తెల్లచీటీ వాటికి పోసేవాణ్ణి. పొద్దున్నే సీసాలు కడిగేసి మళ్ళీ నీళ్ళు పెట్టేవాణ్ణి. అవీ జబ్బువే కదా, పాపం."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్ళి ఒక తెల్లచీటీని వేలితో తడిమింది.

"వాటికి కళ్ళు పోవాలి మామా," అంది. "వాటికి పోతేనే, వీటికి నిలిచింది రసం వల్లే అని చెప్పగలం. అందుకే వాటికి ఉత్త నీళ్ళే పెట్టమన్నాను."

అది ఆయన బుర్రకెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక అరను పట్టుకున్నాడు.

"అయితే రసం పనిచేసినట్టేనా?"

"చేసిందో లేదో ఇక ఎవరికీ తెలీదు. పోల్చి చూడ్డానికి రసం తాగనివి ఒక్కటీ లేవు."

"మళ్ళీ మొదలెడదాం మేడమ్. ఈసారి మీరు చెప్పినట్టే చేస్తా. ఒట్టు."

"జరిగింది పైవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్తాను. కానీ రెండో అవకాశం ఇవ్వరు. ఈ గది కోసం ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు."

మిగిలిన ఎలుకల్ని మధ్యాహ్నం నిద్రపుచ్చేశారు. గ్యాసు పెట్టెలోకి ఒక్కోదాన్ని అందించాల్సింది మామే. రసం తెచ్చాడనుకున్నాయో ఏమో, తెల్లచీటీవి ముందుగా మూతులు ఎత్తుకుని ఆయన వేళ్ళ దగ్గరికి వచ్చాయి. చేతులారా పెట్టెలో దించి మూత వేశాడు. కాసేపు గోళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత లేదు. సాయంత్రం మేడమ్ ఆయన భుజం మీద చెయ్యివేసి వెళ్ళిపోయింది.

ఇల్లు చేరేసరికి మసక పడింది. ముందుగది లైటు వేసి చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది.

"వచ్చారా? మీ మందు సంగతి ఏమన్నా తేలిందా?"

రోజూ అడిగే మాటే. రోజూ ముందుగదిలోంచే, ఇంకా తేలలేదు అని కేకేసేవాడు. ఇవాళ ఆ జవాబు చెల్లదు. వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. ఆమె నేలమీద కూర్చుని, చీకట్లో, చిక్కుళ్ళు వలుస్తోంది.

"చీకట్లో కూచున్నావేంటి?"

"చీకటేంటి? మీరొచ్చే వేళకి ఇల్లు బావురుమంటూ ఉండకూడదని ఇందాకే లైటు వేశాగా."

ఆయన చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళింది. వేసే ఉంది. ఆపి, మళ్ళీ వేశాడు. ఏమీ వెలగలేదు. ఆ టకటక విని ఆమె చేతులు ఆగిపోయాయి.

"బల్బు పోయిందా?" అంది మెల్లగా.

ఆయన ఇంకోసారి స్విచ్చు నొక్కాడు.

"రెండో కంటికీ ఈమధ్య ఏమీ తెలియట్లేదండీ. ఎలాగూ మీ మందు వచ్చేస్తుంది కదా, ఈలోపు చెప్పి మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నా."

ఏడిస్తే కొంత భారం దిగేది. ఆయనకు ఏడుపు కూడా రాలేదు. నేనే చేశాను, నా చేతులతో నేనే చేశాను అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. స్టూలు లాక్కుని ఎక్కి, తడుముకుంటూ బల్బు ఊడదీశాడు. ఇంట్లో ఇంకోటి లేదు.

ముందుగది వెలుతురులోకి తెచ్చి చూశాడు. లోపల గాజు నల్లగా మాడిపోయింది. పైన జిడ్డుకు అంటుకున్న దుమ్ము, వేలితో గీరినా రానంత మందంగా పేరుకుని ఉంది. అది మాడిపోయి ఎన్నాళ్ళయిందో.